7075 అని రాసి ఉంటే సరిపోతుందా? ఆర్‌సీ కారు ఛాసిస్ ఎక్కడ వంగుతుంది, ఎందుకు విరుగుతుంది

ఆర్‌సీ కార్ల, అంటే రిమోట్‌తో నడిపే చిన్న కార్ల, విడిభాగాలు అమ్మే ఏ పేజీ తెరిచినా ఒక మాట తప్పకుండా ఎదురవుతుంది: "ఎయిర్‌క్రాఫ్ట్ గ్రేడ్ అల్యూమినియం". పక్కనే 6061 అనో 7075 అనో మిశ్రమ లోహాన్ని సూచించే ఒక నంబరు, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) మీద చెక్కిందన్న హామీ, మామూలు ప్లాస్టిక్ భాగానికి కొన్ని రెట్ల ధర. కొన్నాళ్లు నడిపాక చాలామంది అడిగే ప్రశ్న కూడా ఒకటే. ఇంత గట్టి లోహం వేసినా ఛాసిస్ (భాగాలన్నిటినీ మోసే అడుగు ప్లేటు) ఎందుకు వంగింది? లేదంటే, కొత్తగా వేసిన ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే చేయి) నిక్షేపంలా ఉంది, దాన్ని పట్టుకున్న బల్క్‌హెడ్ ఎందుకు పగిలింది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ నంబరు మారిస్తే ఎక్కువసార్లు మారేది విరిగే చోటు మాత్రమే. దెబ్బలో ఉన్న శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. ఎక్కడ ఖర్చు కావాలో మనం ముందే తేల్చకపోతే కారే తేల్చుకుంటుంది. అది వెతుక్కునే చోటు దాదాపు ఎప్పుడూ ఒక రంధ్రం అంచు, లేదా పదునుగా వదిలేసిన లోపలి మూల. కాబట్టి ఛాసిస్ మన్నిక సగం లోహం కొన్నవాడి చేతిలో ఉంటే, మిగతా సగం దాన్ని మెషీన్ మీద పెట్టినవాడి చేతిలో ఉంటుంది.

దెబ్బ లెక్క

బ్యాటరీతో కలిపి మూడున్నర కిలోలుండే 1/8 స్కేలు (అసలు కారు కొలతల్లో ఎనిమిదో వంతు) బగ్గీని తీసుకుందాం. రెండు మీటర్ల ఎత్తు నుంచి పడితే అది మోసుకొచ్చే శక్తి సుమారు 69 జౌల్స్. నేలను తాకేటప్పటి వేగం గంటకు 23 కిలోమీటర్ల లోపే. అదే బండి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లి ట్రాక్ అంచున వేసిన పైపును ముక్కుతో గుద్దితే 486 జౌల్స్, అంటే ఏడు రెట్లు. జంప్‌లు చూడ్డానికి భయం పుట్టిస్తాయి గానీ, బళ్లను పాడుచేసేది నేరుగా గుద్దుకోవడమే. పైగా జంప్‌లో ఆ శక్తిని మింగడానికి నాలుగు షాక్‌లు, నాలుగు టైర్లు ఉంటాయి. ముందు నుంచి గుద్దినప్పుడు ఉండేది ఒక ఫోమ్ ముక్కో, ప్లాస్టిక్ బంపరో.

ఆ 486 జౌల్స్ మూడు సెంటీమీటర్ల దూరంలోనే ఖర్చయిపోతే బండి మీద పడే సగటు బలం 16,000 న్యూటన్లు దాటుతుంది. టన్నున్నరకు పైగా బరువు మోపినట్టన్నమాట. బంపరూ ఆర్ములూ వంగి ఆ దూరాన్ని పది సెంటీమీటర్లకు సాగదీస్తే బలం 5,000 న్యూటన్ల లోపుకు దిగిపోతుంది. బండి అదే, వేగం అదే, గుద్దిన పైపూ అదే. ఏదీ వంగకూడదని పట్టుబట్టేవాళ్లు ఈ మూడు రెట్ల లాభాన్ని చేతులారా వదులుకుంటున్నారు.

ఇక్కడ చిన్న పిట్టకథ. 1/10 స్కేలు కారు 60లో పోతే అసలు కారు 600లో పోయినట్టేనని "స్కేలు స్పీడు" గురించి గొప్పగా చెప్పుకుంటారు. కంటికి అలా అనిపించవచ్చు. లోహానికి ఆ లెక్క పట్టదు. కొలతలన్నీ పదో వంతుకు తగ్గితే బరువు వెయ్యో వంతు అవుతుంది, ఆగే దూరం పదో వంతు అవుతుంది, దెబ్బ మోసే అడ్డుకోత వైశాల్యం వందో వంతు అవుతుంది. వీటిని కలిపి లెక్కవేస్తే లోహంలో పుట్టే ఒత్తిడి అసలు మారదు. అంటే మన కారు 60లో గోడను గుద్దడం, అదే పోలికలతో కట్టిన అసలు కారు 60లో గోడను గుద్దడం ఛాసిస్ వరకు ఒకే తీవ్రత. అసలు కారు ఆ ఒక్క దెబ్బతో షెడ్డుకు పోతుంది. మనం బండిని తిప్పి నిలబెట్టి మళ్లీ ట్రిగ్గర్ నొక్కుతాం, అలా ఒక్క సాయంత్రంలోనే ఎన్నోసార్లు. ఛాసిస్ మీద మనకున్న అంచనాలు చిన్నవేమీ కావు.

6061, 7075: మారేదేమిటి, మారనిదేమిటి

రెండు గుణాలను విడదీసి చూడాలి. ఒకటి బిగువు: ఇంత బలం వేస్తే ఎంత వంగుతుంది. రెండోది బలం: ఎంతవరకు వంగినా వదిలేస్తే మళ్లీ తిన్నగా వస్తుంది.

బిగువులో ఈ రెండు మిశ్రమాలకూ తేడా లేనట్టే. 6061కి 69 గిగాపాస్కల్స్, 7075కి 72. ఒకే మందంలో కోసిన రెండు ప్లేట్లను చేత్తో వంచి చూస్తే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. "7075 వేశాక బండి బిగిసింది" అనేవాళ్ల కొత్త ప్లేటు బహుశా పాతదానికన్నా మందంగా ఉండి ఉంటుంది. తేడా అంతా బలంలో ఉంది. టీ6 అనే వేడి చికిత్స చేసిన 6061 సుమారు 276 మెగాపాస్కల్స్ ఒత్తిడి దగ్గర శాశ్వతంగా వంగడం మొదలుపెడితే, టీ6 7075 సుమారు 503 దాకా తట్టుకుంటుంది. జింక్ ఐదున్నర నుంచి ఆరు శాతం, దానితో మెగ్నీషియం, కొంచెం రాగి కలవడం వల్ల వచ్చిన బలం అది. 1936లో జపాన్‌లో సుమితోమో సంస్థ ఈ తరహా మిశ్రమాన్ని తయారుచేసింది. జీరో యుద్ధవిమానం రెక్కల దూలాల్లోకి వెళ్లింది అదే. అమెరికాలో 7075ను ఆల్కోవా సంస్థ 1943లో తెచ్చింది. "ఎయిర్‌క్రాఫ్ట్ గ్రేడ్" అన్న మాట 7075 విషయంలో అబద్ధమేమీ కాదు, అసంపూర్ణం అంతే.

ఎందుకంటే ఛాసిస్ ఒక్క పెద్ద దెబ్బతో చావడం తక్కువ. వేల చిన్న దెబ్బలతో అలసిపోయి పగులుతుంది. ఉక్కులా అల్యూమినియానికి "ఇంతకు లోపు ఎన్నిసార్లు వంచినా ఏమీ కాదు" అనే గట్టి హద్దు లేదు. ఎంత చిన్న దెబ్బయినా ఖాతాలో పడుతూనే ఉంటుంది. యాభై కోట్ల సార్లు ఇటూ అటూ వంచే పరీక్షలో 6061-టీ6 సుమారు 97 మెగాపాస్కల్స్ దాకా, 7075-టీ6 సుమారు 159 దాకా నిలబడతాయి. ఒక్క దెబ్బకు ఓర్చుకోవడంలో 1.8 రెట్లు ఉన్న ఆధిక్యం అలసట దగ్గరకొచ్చేసరికి 1.6కి జారింది. అదీ అద్దంలా నునుపుచేసిన పరీక్ష ముక్క మీద. గీతలు, రంధ్రాలు ఉన్న అసలు ఛాసిస్‌లో ఆ తేడా ఇంకా కరిగిపోతుంది. బలం పెరిగిన కొద్దీ లోహం గాట్లను క్షమించడం మానేస్తుంది.

మందం మాటకొస్తే, ప్లేటు బిగువు మందానికి ఘనంలో మారుతుంది. మూడు మిల్లీమీటర్ల ప్లేటును బరువు కోసం రెండున్నరకు దించితే తగ్గే బరువు 17 శాతం, పోయే బిగువు 42 శాతం. బరువు తగ్గించే ఇతర దారులన్నీ చూశాక గానీ ఈ దారికి రాకూడదు.

ప్లేటును మందం చేయకుండానే బిగించే దారి ఒకటుంది: పక్కలు పైకి మడవడం. వంద మిల్లీమీటర్ల వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న చదును ప్లేటుకు రెండు పక్కలా పదిహేను మిల్లీమీటర్ల గోడలు లేపండి. బరువు 30 శాతం పెరుగుతుంది, నిలువుగా వంగకుండా నిలిచే బిగువు మాత్రం 60 రెట్లు దాటుతుంది. టబ్ ఛాసిస్ అంటే ఇదే. 1984లో అమెరికాలో టీమ్ అసోసియేటెడ్ తెచ్చిన ఆర్‌సీ10 బగ్గీ బంగారు రంగు యానొడైజింగ్ (లోహం పైన గట్టి ఆక్సైడ్ పొర పెంచడం) చేసిన పల్చటి అల్యూమినియం టబ్ మీద నిలబడింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో జరిగిన తొలి ప్రపంచ ఆఫ్‌రోడ్ పోటీల్లో టూ వీల్ డ్రైవ్ టైటిల్ గెలిచింది ఆ కారే. ఇవాళ్టి 1/8 బగ్గీల్లో చదును ప్లేటుకు ముందూ వెనకా వాలుగా బిగించే ప్లాస్టిక్ బ్రేసులు ఆ గోడల పనే చేస్తుంటాయి. అవి ఊడిన బండిని "ఒక్క రౌండే కదా" అని నడిపితే మూడు మిల్లీమీటర్ల 7075 కూడా డిఫ్ (డిఫరెన్షియల్, చక్రాలకు శక్తిని పంచే గేర్లు) వెనక నుంచి వంగిపోతుంది.

ప్లాస్టిక్‌ను తక్కువగా చూడకండి

జపాన్ సంస్థ టామియా మొదటి ఆర్‌సీ కారు, పోర్షే 934, 1976లో వచ్చింది. మూడేళ్లకు వచ్చిన రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ బగ్గీలు గ్లాస్ ఫైబర్ ప్లేటు మీద అల్యూమినియం పోత భాగాలతో నడిచాయి. ఆ తర్వాత మార్కెట్‌ను ఏలినవి మాత్రం ప్లాస్టిక్ టబ్‌లే. 2008లో అమెరికా సంస్థ ట్రాక్సస్ తెచ్చిన స్లాష్ ట్రక్కు కూడా నైలాన్ టబ్ బండే. చవక కోసం మాత్రమే ఇలా చేశారనుకుంటే పొరపాటు. నైలాన్ బాగా వంగి, వదలగానే తిరిగొస్తుంది. గుద్దుడు దూరాన్ని సాగదీయడానికి ఇంతకన్నా తగిన పదార్థం ఈ ధరలో దొరకదు.

నైలాన్‌కు ఒక విచిత్రమైన గుణం ఉంది: అది నీళ్లు తాగుతుంది. పూర్తిగా ఎండిన నైలాన్ 6 బిగువుగా, పెళుసుగా ఉంటుంది. గాల్లో తేమ సగం మేరకు ఉన్న చోట అది తన బరువులో రెండున్నర మూడు శాతం నీటిని పీల్చుకుని మెత్తబడి, దెబ్బకు వంగడం నేర్చుకుంటుంది. కొత్త ఆర్ములను మరిగే నీళ్లలో కాసేపు వేసి తీసే పాత అలవాటుకు కారణం ఇదే. మూఢనమ్మకంలా కనిపిస్తుంది గానీ పనిచేస్తుంది. విశాఖ గాలిలో ఉన్న ఆర్ముకు ఆ స్నానంతో పెద్దగా పనిలేదు. అనంతపురం ఎండాకాలంలోనో, ఏసీ గదిలో నెలలపాటు పెట్టెలోనో ఉన్నదానికి ఉపయోగం కనిపిస్తుంది. గాజు పోగులు ఎక్కువ కలిపిన నైలాన్‌కు మాత్రం ఇది అంతగా అక్కరకు రాదు. బిగువు కోసం ఒప్పుకున్న పెళుసుదనం నీళ్లతో పోదు.

మోల్డింగ్‌లోనూ మంచిచెడ్డలుంటాయి. కరిగిన ప్లాస్టిక్ ఒక స్క్రూ రంధ్రం చుట్టూ రెండు పాయలుగా పారి అవతల కలిసే చోట సన్నని గీత మిగులుతుంది. పోగులు ఆ గీతను దాటి అల్లుకోవు, కాబట్టి అక్కడ బలం పడిపోతుంది. పగిలిన నైలాన్ భాగం చేతిలో ఉంటే గమనించండి, విరుగుడు ఎక్కువగా స్క్రూ బాస్ (స్క్రూ దిగే బొడిపె) మీదుగా ఆ గీత వెంటే పోతుంది. స్క్రూను మరీ బిగించడం ఆ గీతను లోపలి నుంచి చీల్చడమే. లోహపు స్క్రూలు వదులవకుండా వాడే జిగురు, థ్రెడ్‌లాక్, ఏబీఎస్, పాలీకార్బొనేట్ భాగాలకు తగిలితే వాటిని పగుళ్లు పట్టిస్తుంది. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూకు అది వేయకండి.

కార్బన్ ఫైబర్

కార్బన్ ప్లేటు అల్యూమినియం కన్నా తేలిక, వంచి వదిలితే అచ్చంగా మొదటి ఆకారానికి వస్తుంది. తారు రోడ్డు మీదా కార్పెట్ మీదా పరిగెత్తే టూరింగ్ కార్లలో దాని రాజ్యం నడిచింది అందుకే. నెమ్మదిగా వంకరపోవడం దానికి తెలియదు. బాగుంటుంది, లేదా విరుగుతుంది. అల్యూమినియం ఛాసిస్ మెల్లమెల్లగా మెలితిరిగి మూడు వారాలపాటు మీ సెటప్‌ను తప్పుదారి పట్టిస్తుంది. కార్బన్ అలా మోసం చేయదు.

దాని బలహీనత అంచుల్లో ఉంది. పొరలు పొరలుగా పేర్చి జిగురుతో అతికించిన పదార్థం కాబట్టి, రాయి అంచుకు తగిలితే పొరలు విడిపోతాయి. అంచును నీళ్ల కాగితంతో (వాటర్ పేపర్) తడిగా రుద్ది, పల్చటి సూపర్ గ్లూ పట్టించి ఆరనివ్వడం ప్రతి కొత్త కార్బన్ ప్లేటుకూ చేయాల్సిన పని. తడిగా రుద్దడం ఎందుకంటే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు తప్పనిసరి. ఇంకొకటి, కార్బన్ కరెంటును పోనిస్తుంది. బ్యాటరీ వైరు పైతొడుగు ప్లేటు అంచుకు రాసుకుని తెగితే షార్ట్ అవుతుంది. సముద్రపు తేమలో అల్యూమినియం దానికి ఆనుకుని ఉంటే తుప్పు పట్టేది అల్యూమినియమే. ఇసుక తీరంలో నడిపేవాళ్లు ఈ రెండింటి మధ్య ప్లాస్టిక్ వాషర్ వేసుకోవాలి.

పచ్చటి గ్లాస్ ఎపాక్సీ ప్లేటు, అంటే సర్క్యూట్ బోర్డులు చేసే ఎఫ్‌ఆర్4, కార్బన్‌కు పేద చుట్టం. బరువెక్కువ, బిగువు తక్కువ, ధర చాలా తక్కువ. నేర్చుకునే బండికి నేను దీన్నే ముందు చెబుతాను.

మెషీన్ మీద జరిగేది

ఇక అసలు సంగతి. ప్లేటులో గుండ్రటి రంధ్రం చేస్తే దాని అంచు దగ్గర ఒత్తిడి చుట్టుపక్కల కన్నా మూడు రెట్లుంటుందని 1898లో జర్మన్ ఇంజినీరు కిర్ష్ లెక్కగట్టాడు. రంధ్రం పెద్దదైనా చిన్నదైనా మూడే. 1913లో బ్రిటిష్ ఇంజినీరు ఇంగ్లిస్ దీన్ని కోలగా ఉండే రంధ్రాలకూ గాట్లకూ విస్తరించాడు. గాటు ఎంత లోతు, దాని మొన ఎంత గుండ్రం అన్న రెండు కొలతలు చాలు. ఒక మిల్లీమీటరు లోతు గాటుకు మొన వ్యాసార్థం కూడా ఒక మిల్లీమీటరైతే ఒత్తిడి సుమారు మూడు రెట్లు. అదే లోతు గాటుకు మొన 0.1 మిల్లీమీటరు పదునుగా ఉంటే సుమారు 7.3 రెట్లు.

7075 బలాన్ని ఈ 7.3తో భాగించండి. మిగతా ప్లేటులో 69 మెగాపాస్కల్స్ ఒత్తిడి పుట్టగానే ఆ మొన దగ్గర లోహం లొంగిపోతుంది. గుండ్రటి మూలలున్న 6061లో అదే పని జరగడానికి 92 కావాలి. మూలలు చక్కగా తిప్పిన "మామూలు" మిశ్రమం, మూలలు పదునుగా వదిలేసిన "విమానం" మిశ్రమం కన్నా ముందు నిలిచింది. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ రెండు అంకెలే.

మిల్లింగ్‌లో లోపలి మూల ఎండ్ మిల్ (తిరుగుతూ కోసే కట్టర్) వ్యాసార్థం కన్నా పదునుగా రాదు. మూడు మిల్లీమీటర్ల కట్టర్‌తో కోస్తే మూలలో కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్ల గుండ్రం మిగులుతుంది. బ్యాటరీ గాడిలో పెట్టె మూలలు చక్కగా కూర్చోవాలని డిజైనర్ ఒక మిల్లీమీటరు కట్టర్ అడుగుతాడు. ఖర్చూ పెరుగుతుంది, పగులు మొదలయ్యే చోటూ తయారవుతుంది. గాడిని రెండు మిల్లీమీటర్లు పొడిగించి మూలలో మూడు మిల్లీమీటర్ల గుండ్రం పెట్టడం ఎప్పుడూ మేలు.

కౌంటర్‌సింక్ (స్క్రూ తల మునిగేలా రంధ్రం నోటిని శంకువులా తీయడం) దగ్గర కాసేపు ఆగాలి, ఛాసిస్‌లన్నీ ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. ఛాసిస్ అడుగు నేలకు రాసుకుంటుంది కాబట్టి స్క్రూ తల ప్లేటులోకి మునగాలి. ఎం3 (మూడు మిల్లీమీటర్ల) కౌంటర్‌సంక్ స్క్రూ తల ఎత్తు సుమారు 1.7 మిల్లీమీటర్లు. విమానాల షీట్‌మెటల్ పనిలో ఒక నియమం పాటిస్తారు: కౌంటర్‌సింక్ లోతు షీటు మందంలో మూడింట రెండు వంతులు దాటకూడదు. మూడు మిల్లీమీటర్ల ప్లేటుకు రెండు మిల్లీమీటర్ల దాకా అనుమతి, కాబట్టి ఎం3 హాయిగా కూర్చుంటుంది. 2.25 మిల్లీమీటర్ల కార్బన్ ప్లేటులో అనుమతి ఒకటిన్నర వరకే. తల పూర్తిగా మునిగితే కింద మిగిలేది అరమిల్లీమీటరు, అదీ ఒకటి రెండు పొరలు. రెండు మిల్లీమీటర్ల ప్లేటైతే ఆ మిగిలింది కత్తి అంచే. బిగించిన ప్రతిసారీ శంకువు ఆకారపు తల ఆ అంచును బయటికి నెడుతుంది, గుద్దిన ప్రతిసారీ ఇంకాస్త నెడుతుంది. స్క్రూ తల ప్లేటులోంచి జారి పైకి వచ్చేసిన బళ్లు మీరూ చూసే ఉంటారు. పల్చటి ప్లేటుకు గుండ్రటి తల స్క్రూను పై నుంచి పెట్టడమో, కింద కప్పులాంటి వాషర్ పెట్టి బలాన్ని పంచడమో చేయాలి.

కోణం ఇంకో తలనొప్పి. మెట్రిక్ స్క్రూ తల కోణం 90 డిగ్రీలు, అమెరికా అంగుళాల స్క్రూలది 82. పాత అమెరికన్ కిట్టు ఛాసిస్‌లో మెట్రిక్ స్క్రూ బిగిస్తే తల పై అంచు ఒక్కటే ఆనుతుంది, కింద ఖాళీ. బాగా బిగిసినట్టే ఉంటుంది. రెండు బ్యాటరీలు నడిచేలోపు వదులవుతుంది, ఆ వదులుతో రంధ్రం కోలగా సాగుతుంది.

లోహం వంగడానికి ఇంకో కారణం దాని లోపలే ఉంటుంది. రోలింగ్ చేసి (రోలర్ల మధ్య నొక్కి), వేడిచేసి, నీళ్లలో ముంచి చల్లార్చిన ప్లేటులో పై పొరలు నొక్కుకుని, మధ్య పొరలు సాగి ఒకదాన్నొకటి ఆపుకుంటూ ఉంటాయి. బరువు తగ్గించడానికి ఒకే పక్క గుంటలు చెక్కితే ఆ తూకం చెడి, క్లాంప్ విప్పగానే ప్లేటు కాల్చిన అప్పడంలా లేస్తుంది. దీనికి మందు టీ651. వేడి చికిత్స తర్వాత ప్లేటును ఒకటిన్నర నుంచి మూడు శాతం దాకా సాగదీసి లోపలి ఒత్తిళ్లను చాలావరకు చంపిన సరుకు. 7075 కొంటే టీ6 బదులు టీ651 అడగండి. అయినా రెండు పక్కలూ మార్చి మార్చి, కొంచెం కొంచెంగా చెక్కడం మంచిది.

1/8 బగ్గీ ముందు భాగం పైకి లేచి ఉండే వంపు సంగతి వేరు. 7075ను టీ6 స్థితిలో బిగుతుగా వంచితే వంపు బయటి వైపు సన్న పగుళ్లు పడతాయి. మందానికి కొన్ని రెట్ల వ్యాసార్థం ఇచ్చి వంచాలి, లేదా మెత్తటి స్థితిలో వంచి తర్వాత వేడి చికిత్స చేయాలి. చేత్తో వైస్‌లో పెట్టి "తిన్నగా" చేసిన 7075 ప్లేటు మళ్లీ అక్కడే వంగుతుంది, ఆ పైన అక్కడే విరుగుతుంది. 6061ను అలా ఒకట్రెండుసార్లు సరిచేసుకుని నడిపించవచ్చు. సరదాగా మట్టిలో తిప్పుకునే బండికి నేను 6061 వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

హార్డ్ యానొడైజింగ్ నల్లటి పొర 25 నుంచి 50 మైక్రాన్లు. రాపిడికి అద్భుతంగా ఆగుతుంది, ఇసుక మీద ఛాసిస్ అరగకుండా కాపాడేది అదే. కానీ అది పింగాణీ జాతి. లోహం వంగితే పొర పగులుతుంది, ఆ పగులు లోపలి లోహానికి గాటుగా మారుతుంది. అందుకే హార్డ్ యానొడైజింగ్ అలసట బలాన్ని కొంత తగ్గిస్తుంది. పదునైన అంచు మీద పొర సరిగా అల్లుకోదు. యానొడైజింగ్‌కు పంపేముందు అన్ని అంచులకూ అరమిల్లీమీటరు చాంఫర్ (ఏటవాలు కోత) తీయించాలి, బర్ (కోసిన చోట మిగిలే పదునైన పొరక) మొత్తం ఆకురాయితో తీసేయాలి.

లేజర్‌తో కోయించుకుంటే చవక. కాకపోతే కోసిన అంచు కరిగి గడ్డకట్టిన లోహం, దాని పక్కనున్న సన్నని పట్టీ టీ6 బలాన్ని పోగొట్టుకున్న లోహం. రంధ్రాలన్నీ అంచులే కదా. లేజర్‌తో బయటి ఆకారం కోయించి, రంధ్రాలు చిన్నవిగా వదిలి తర్వాత డ్రిల్ చేయించుకోవచ్చు. నీటి ధారతో కోసే వాటర్‌జెట్‌లో వేడి సమస్య ఉండదు, అంచు కొంచెం వాలుగా వస్తుంది. కార్బన్‌ను లేజర్‌కు అసలు ఇవ్వకండి, జిగురు కాలిపోతుంది.

సికింద్రాబాద్‌లో షీటు, బాలానగర్‌లో జాబ్ వర్క్

రాణీగంజ్‌కు వెళ్లి అల్యూమినియం ప్లేటు అడిగితే ఎక్కువగా వినిపించే పేరు హెచ్‌ఈ30. అది 6082కు పాత బ్రిటిష్ పేరు, 6061కు దగ్గరి బంధువు. టీ6 స్థితిలో ఉంటే ఛాసిస్‌కు నిశ్చింతగా వాడొచ్చు. స్థితి చెప్పకుండా "మంచి షీటు" అని ఇచ్చేది మాత్రం చాలాసార్లు వంటపాత్రల తరహా మెత్తటి అల్యూమినియం. చేత్తో మూల వంచితే వంగి అలాగే ఉండిపోయేది కొనకండి. 7075 అని చెప్పి ఇచ్చినదాన్ని బరువు చూసి పోల్చడం కష్టం, సాంద్రత తేడా నాలుగు శాతమే. గట్టిదనం చూసే యంత్రం ఉన్న చోట ఒక చుక్క నొక్కించండి. బ్రినెల్ కొలతలో 6061-టీ6 సుమారు 95, 7075-టీ6 సుమారు 150. తికమకపడే ప్రసక్తే లేదు.

బాలానగర్‌లోని జాబ్ షాపులు రోజూ ఇంతకన్నా కఠినమైన పనులే చేస్తుంటాయి. మన ఛాసిస్ వాళ్లకు చిన్న పని. అందుకే డ్రాయింగులో లేనిదేదీ వాళ్లు చేయరు. "అన్నా, మూలలు కొంచెం గుండ్రం చెయ్యి" అని నోటిమాటగా చెప్పినది మెషీన్ దాకా చేరదు. మూల వ్యాసార్థం, కౌంటర్‌సింక్ కోణం, లోతు, చాంఫర్, రోలింగ్ దిశ ఛాసిస్ పొడవునా ఉండాలన్న మాట, అన్నీ కాగితం మీద ఉండాలి.

త్రీడీ ప్రింటింగ్ గురించి కూడా అడుగుతారు. త్రీడీ ప్రింటర్లలో వాడే ప్లాస్టిక్ పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు డిక్కీలో ఆ ఛాసిస్ పెట్టి మరిచిపోతే తీసేసరికి ఆకారం మారి ఉంటుంది. నైలాన్‌తో ప్రింట్ చేసినా పొరల మధ్య పట్టు తక్కువే కాబట్టి దెబ్బ పొరలను విడదీసే దిశలో పడకుండా పడుకోబెట్టి ప్రింట్ చేయాలి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

అల్యూమినియం ఆర్ములు కొనకండి. ఇది మొండిగా చెబుతున్నాను. నైలాన్ ఆర్మ్ వంగి మింగే దెబ్బను అల్యూమినియం ఆర్మ్ నేరుగా హింజ్ పిన్‌కూ (ఆర్మ్ తిరిగే ఇరుసు), బల్క్‌హెడ్‌కూ, అక్కడి నుంచి ఛాసిస్ ముందు నాలుగు స్క్రూలకూ చేరవేస్తుంది. తక్కువ ధర ఆర్మ్‌ను కాపాడి ఎక్కువ ధర ఛాసిస్‌ను బలిపెట్టే బేరం అది. లోహం పెట్టాల్సిన చోట్లు వేరే ఉన్నాయి: స్టీరింగ్ బెల్‌క్రాంక్ (చక్రాలను తిప్పే మీట), మోటార్ మౌంటు, సెంటర్ డిఫ్ మౌంటు. ఇవి వంగితే గేర్ల పళ్లు పోతాయి, ఇవి దెబ్బను నేరుగా తినవు. చవక పోత అల్యూమినియం భాగాల విషయంలో జాగ్రత్త. పోతలో గాలి బుడగలు చిక్కుకుంటాయి, పైగా ఆ మిశ్రమాలు విరిగేలోపు రెండు మూడు శాతం కూడా సరిగా సాగవు. ప్లేటులోంచి చెక్కిన 6061 పది శాతానికి పైగా సాగుతుంది.

ఛాసిస్ విప్పినప్పుడల్లా మందపాటి గాజు పలక మీద పెట్టి నాలుగు మూలలూ వేలితో నొక్కి చూడండి. టకటకలాడితే మెలిపడినట్టు. తర్వాత శుభ్రంగా తుడిచి, సర్వో (స్టీరింగ్ తిప్పే మోటారు) పోస్టు, ముందు బల్క్‌హెడ్ స్క్రూ రంధ్రాల చుట్టూ టార్చి ఏటవాలుగా వేసి గోరుతో తడమండి. విరిగిన ప్లేటు దొరికితే విరుగుడు ముఖాన్ని చూడండి. రంధ్రం అంచు దగ్గర ఒక చిన్న భాగం నునుపుగా, మట్టి చేరి మసకగా ఉంటుంది. మిగతాదంతా గరుకుగా తళతళలాడుతుంది. నునుపు భాగం ఎన్నో వారాలుగా నెమ్మదిగా నడిచిన పగులు, గరుకు భాగం చివరి దెబ్బకు ఒక్కసారిగా తెగినది. నునుపు భాగం మొదలైన చోట మీకు దాదాపు ఎప్పుడూ ఒక బర్రో, డ్రిల్ గీతో, మరీ లోతుగా తీసిన కౌంటర్‌సింకో కనిపిస్తుంది. కొత్త ప్లేటు ఆర్డరు చేసేముందు డ్రాయింగులో మార్చాల్సింది ఆ చోటునే.